మిషన్‌కి పెట్టిన గంధం

రంజితకు మాటలు వచ్చిన కొత్తలో మొదట పలికింది ‘ఛీ’ అని వాళ్లమ్మ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. టీ గ్లాసు అంచున మరకుంటే ఛీ, ఆటోవాడు రోడ్డు మీద ఉమ్మేస్తే ఛీ. రేడియేషన్ మురికి కనిపెట్టే మిషన్లు బిగించే ఉద్యోగం అలాంటి మనిషికి కాక ఇంకెవరికి కుదురుతుంది!

చెన్నై తొండియార్‌పేటలో పాత ఇనుప సామాన్ల గోడౌను కామరాజుది. పాత ఓడల మీటర్లు విప్పించి ఇత్తడి అమ్ముతాడు. ఆ మీటర్ల ముఖాల మీద చీకట్లో మెరిసే రేడియం రంగు ఉంటుంది. దాన్ని గీకేది మునియక్క, ఒట్టి చేతులతో. ఆ పొడి కడుపులోకి పోయిందంటే ఎముకల్లో తిష్ఠ వేస్తుంది. మిషన్ లేకపోతే గోడౌను మూయిస్తామని అధికారులు అన్నాకే ఆ మహానుభావుడికి మెలకువ వచ్చింది.

ఆయుధపూజ ముందురోజు రంజిత వచ్చి మిషన్ బిగించింది. సిలిండరుకు గొట్టం తగిలించి, లోపలి గాలంతా పోయేదాకా గ్యాసు పారనిచ్చింది. కరెంటు కొద్దికొద్దిగా పెంచి, రవ్వంత రేడియేషన్ ఉన్న పరీక్ష బిళ్ల చూపిస్తే మిషన్ టకటకా కొట్టుకుంది. మిషన్ ముందున్న జాలీ వెనక పొర ఉల్లిపొర కన్నా పల్చన, దాన్ని మాత్రం ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పి వెళ్లింది.

పండగ మర్నాడు వచ్చేసరికి కామరాజు ముఖం వెలిగిపోతోంది.

"ఏమ్మా, చూస్తివా! మునియక్క చేతులు ఈడ పెట్టి చూసినాము. ఒక్క సౌండు లేదు. అంతా క్లీన్. సంతకం పెట్టేసెయ్."

రంజిత మిషన్ వంక చూసింది. తక్కెడకూ తాళానికీ లారీకీ పెట్టినట్టే దానికీ పెట్టారు! జాలీ నిండా గంధం, మధ్యలో రూపాయి బిళ్లంత కుంకుమ, ఎండి పెచ్చు కట్టి ఉంది. మిషన్ పట్టాల్సిన రేడియం కిరణం కాగితం ముక్కనే దాటలేదు, ఇంత మందం గంధాన్ని ఏం దాటుతుంది? పరీక్ష బిళ్ల పెట్టి చూసింది. మిషన్ ఉలకలేదు, పలకలేదు.

"ఛీ! మిషన్‌కి కళ్లు మూసి పెట్టినారు సార్. పొర మార్చాల."

"సామికి పెట్టిన బొట్టు తీసేస్తావా? అదంతా వేండామ్మా, వద్దు. మిషనే గమ్మునుంటే నీకేం నొప్పి?"

"ఆ చేతుల్తోనే ఆమె అన్నం తింటాది. మీకు సిగ్గు లేదా?"

అనేసి, ఆయన గొణుగుతున్నా వినకుండా పొర మార్చి మళ్లీ గ్యాసు వదిలింది. ఈలోగా మునియక్క ఓ మూల కూర్చుని పెరుగన్నం డబ్బా తెరిచింది. రంజిత పరుగున వెళ్లి లాక్కుంది.

"నా చెయ్యి అంత అసహ్యమా పాపా?" మునియక్క ముఖం చిన్నబోయింది.

"నీ చెయ్యి కాదక్కా, దానికి అంటుకోనుండే పొడి."

పరీక్ష బిళ్లకు మిషన్ టకటకలాడింది. తరవాత మునియక్క చేతులు చాపింది. గోడౌనంతా దద్దరిల్లేటట్టు మోగింది.

రంజితకు చటుక్కున ఏదో తోచింది. "అక్కా, పూజకు బొరుగులూ బెల్లమూ ఎవరు కలిపినారు?"

"నేనే పాపా. రెండు చేతులా కలిపినా. అయ్యగారి ఇంటికి గూడా గిన్నె నిండా పంపిస్తి."

కామరాజు ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇంటికి ఫోన్ చేశాడు. "ఆ బొరుగులు మన పాపకు పెట్టబాకండి! ఏందీ, నిన్ననే అయిపోయినాయా?" ఫోన్ జేబులో పడేసి, మునియక్కను మోచేత్తో పక్కకు నెట్టి, తన చేతులు జాలీ ముందు పెట్టాడు. "ముందు నాకు చూడమ్మా!"

పుట్టినప్పటినుంచీ ఎన్నో ఛీలు అంది రంజిత. ఇంత అసహ్యంతో ఎప్పుడూ అనలేదు.

"ఛీ! జరగండి ఆడికి. ముందు అక్క."

చేతులకు తొడుగులు వేసుకుని మునియక్క మణికట్టు పట్టుకుని కుళాయి కిందికి లాగింది. సబ్బుతో గోళ్ల సందులదాకా రుద్ది, కడిగి, తుడిచి, మళ్లీ మిషన్ ముందుకు తెచ్చింది. మిషన్ ఇంకా మోగుతూనే ఉంది.

"తినొచ్చునా పాపా?" అంది మునియక్క.

రంజిత మళ్లీ సబ్బు అందుకుంది.