నేను పెట్టిన హెచ్

క్రిప్టో డబ్బు వాలెట్లు లెక్కలడిగితే జవాబిచ్చే సర్వర్ ఒంటరిగా ఉంటే ఎవరూ పట్టించుకోరు. అది తన పేరు చాటుకోవాలి. మిగతా సర్వర్లు ఆ పేరు వెతుకుతాయి, పలికితేనే జాబితాలో చేర్చుకుంటాయి. హోసూరులో మా చిన్న ఆఫీసు సర్వర్‌కు ఈ పరిచయాలు చేసే పని నాది.

సర్వర్‌కు పేరు కొని రిజిస్టర్ చేసింది కృష్ణగిరి నుంచి బస్సులో ఆఫీసుకు వచ్చే అక్క. నాకంటే పెద్దది, ఇంట్లో తమిళం మాట్లాడుతుంది. ఆ రోజు ఆమె సెలవు. పేరేమిటని ఫోను చేశాను.

"ఊరి పేరే పెట్టినానప్పా, ఓసూరు. స్పెల్లింగ్ చెప్తా, రాసుకో."

"హ ని దారిలో సూళగిరిలోనే దింపేసినావా అక్కా?" అన్నాను. ఆమె హ పలకదని అది నా పాత వేళాకోళం. "మా ఊరి పేరు నాకు తెలీదా?" అని ఫోను పెట్టేసి, సెట్టింగుల్లో హెచ్‌తో మొదలుపెట్టి కొట్టాను.

పదకొండైనా ఒక్క సర్వర్ మమ్మల్ని చేర్చుకోలేదు. ఆ పేరుతో ఎవరూ లేరని తెర మీద అదే వరస. యజమాని వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఏమప్పా, ఇంకా ఎవురూ పలకలేదా?"

"అక్క పేరు సరిగ్గా కొన్నట్టు లేదు సార్." చూసుకోకుండానే అనేశాను.

"పోయిన నెలా ఇట్లే చేసింది. ఒంటిగంట లోపల కాలేదంటే రేపట్నుంచి రావద్దని చెప్పేస్తా," అని తన గదిలోకి పోయాడు.

రూటర్ చూశాను. సర్వర్‌ను మూడుసార్లు ఆపి మొదలుపెట్టాను. పన్నెండున్నరకు కిటికీ కింద కృష్ణగిరి బస్సు ఆగింది. బోర్డు మీద మా ఊరి పేరు ఇంగ్లీషులో హెచ్‌తో ఉంది, తమిళంలో ఓ తో ఉంది. ఎన్నేళ్లుగానో చూస్తున్న బోర్డే.

రిజిస్టర్ కాగితం తీశాను. పేరు ఓ తోనే మొదలైంది. ఆమె పలికినట్టే కొన్నది, తప్పేమీ లేదు.

ఒక్క అక్షరం చెరిపాను. ఒంటిగంట అవుతుండగా ఒక సర్వర్ పలికింది, తర్వాత ఇంకొకటి. సంతోషపడే లోపల పక్కగదిలోంచి యజమాని గొంతు వినిపించింది. పేరు తప్పు కొన్నావంట గదా అని అక్కతోనే మాట్లాడుతున్నాడు.

పరుగెత్తాను. "సార్, తప్పు నాది. అక్క సరిగ్గానే కొన్నది, నేనే హెచ్ పెట్టినాను."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "సరేమ్మా, రేపు రా," అని ఫోను పెట్టేశాడు. క్షమించమని ఆయనా అడగలేదు, సిగ్గుతో నేనూ అడగలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. వెక్కిరించడానికి నా నోటికి ఊరి పేరే దొరికింది.

మర్నాడు పొద్దున అక్క ఫోను చేసింది.

"హోసూరు బస్సెక్కినానప్పా."

హ ని ఊపిరి బిగబట్టి, బడిపిల్లలా గట్టిగా పలికింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"నువ్వు ఓసూరనే అనక్కా," అన్నాను.

"వద్దులేప్పా. మళ్లా ఏమన్నా తప్పయితే?"