మూడో అంతస్తు ప్రింటర్

ఆసుపత్రిలో మెషీన్లూ వైర్లూ బాగుచేసే ఆమెను అందరూ వైర్లక్కయ్య అంటారు. యాభై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పి. ఏ మెషీను దగ్గరికెళ్లినా ముందు దాని మీది దుమ్ము తుడిచి, తర్వాతే పని మొదలుపెడుతుంది. కింది ల్యాబు కంప్యూటరుకున్న ప్రింటర్‌ను మూడో అంతస్తులోని పిల్లల వార్డుకు మార్చిన రోజునుంచీ రిపోర్టుల్లో పిచ్చి అక్షరాలు పడుతున్నాయి. ల్యాబు వాళ్లు ఫోన్లో చెబితే నర్సు విని చేత్తో రాసుకుంటోంది. నిన్న ఏడును ఒకటిగా రాసింది. డాక్టరు గమనించాడు కాబట్టి సరిపోయింది. "ప్రింటర్ పోయింది, కొత్తది తెప్పిద్దాం" అన్నారు ఆఫీసులో. అక్కయ్య ప్రింటర్ మూత కూడా తియ్యలేదు. కింది నుంచి పైదాకా ఆయాసపడుతూ తీగ వెంబడే నడిచింది.

"ప్రింటర్‌కేం కాలేదమ్మా," అంది నర్సుతో. "ఈ తీగ ఆర్‌ఎస్-232 లైను, కంప్యూటరూ ప్రింటరూ ఒక గదిలో మాట్లాడుకోడానికి చేసింది. ఇంత దూరం లాగితే లిఫ్టు మోటారు గోలంతా మాటలో కలుస్తుంది. ఆర్‌ఎస్-422 అనే ఇంకో రకం లైను పెడదాం. అందులో ఒక్కో మాటకీ జంట తీగలు. గోల రెండింటి మీదా ఒకేలా పడుతుంది, అవతలి చివర బిగించే పెట్టె ఆ రెండింటి తేడానే చదువుతుంది. అప్పుడు గోల పోయి మాటే మిగులుతుంది."

రెండు చివర్లా చిన్న పెట్టెలు బిగించి, మధ్యలో కొత్త తీగ లాగింది. మధ్యాహ్నానికి మొదటి రిపోర్టు తేటగా వచ్చింది. నర్సు చప్పట్లు కొట్టింది. అక్కయ్య మాత్రం లేవలేదు. అదే రిపోర్టు పదిసార్లు తీయించి, ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చూసింది.

"బాగానే వచ్చింది కదక్కా, ఇంకా ఎందుకు?"

"మనకి చాలమ్మా. లోపల పడుకున్న పిల్లకి చాలొద్దూ?"

నర్సు పదకొండోది తీసింది.