పాస్టరమ్మ నడిపిన సమ్మెకాలపు బడి

పోయిన ఆదివారం మా పాస్టరమ్మ తొర్రూరు దవాఖానలో కన్నుమూసిందని కబురొచ్చింది. సమాధి దగ్గర నుంచి తిరిగొచ్చి మూడు రోజులైంది. దుఃఖం కంటే ఉక్రోషమే ఎక్కువగా ఉంది. అందుకే మీకు రాస్తున్నాను.

తెలంగాణ కోసం సమ్మె జరిగిన ఏడాది నేనూ, మా తండాలోనే ఉండే కమిలీ పదో తరగతి. బడులు మూతబడ్డాయి. ఖాళీగా ఉన్న ఆడపిల్లల్ని తల్లులు పత్తి ఏరడానికి తీసుకుపోయారు. పెళ్లికి ముందు టీచరుగా చేసిన పాస్టరమ్మ ఇల్లిల్లూ తిరిగి మమ్మల్ని పోగుచేసింది. యేసును నమ్మని ఇళ్ల పిల్లల్నీ పిలిచి, చర్చిలోనే లెక్కలు మొదలుపెట్టింది. తప్పు చేస్తే తిట్టేది కాదు. సుద్దముక్క మా చేతికిచ్చి పక్కన నిలబడేది.

వారం తిరక్కముందే చర్చి సంఘపెద్ద వచ్చాడు.

"గిది ప్రార్థన చేసే జాగ అమ్మా. బడి నడుపుడేంది?"

"ప్రార్థన దేవుడు ఇంటడన్నా. లెక్కలు మాత్రం గీ పిల్లలే చెయ్యాలె."

మర్నాడు తలుపుకు తాళం. ఆమె భర్త పాస్టరుగారూ అడ్డుచెప్పలేదు. ఆమె మెట్ల మీదే బోర్డు ఆనించింది. ఎండకు కళ్లు చిట్లించుకుంటూ రాసుకున్నాం.

కమిలి నాలుగు రోజులొచ్చి ఆగిపోయింది. పాస్టరమ్మ నన్ను తీసుకుని, వాళ్లు పత్తి ఏరుతున్న చేనుదాకా వెళ్లింది.

"ఒక్క ఏడాది పంపక్కా" అని బతిమాలింది.

"నా నడుము పనిచేస్తలేదమ్మా" అంది కమిలి తల్లి. "ఇది రాకుంటే పొయ్యెట్ల ముట్టియ్యాలె?"

 తిరిగొచ్చేటప్పుడు పాస్టరమ్మ దారిలో ఆగి, "గీ ఇంటికి నాలుగు నెలలు బియ్యం పోసినా పిల్ల బడికొచ్చేది. మనోళ్లకేమో చర్చికి గోపురం గావాలె" అంది.

కమిలి మళ్లీ బడికి రాలేదు. నేను పాసై నర్సునయ్యాను. చర్చి వల్లే బాగుపడ్డావంటారు. ఔననే అంటాను, కానీ ఆ తాళం గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది.

సమాధి దగ్గర అదే సంఘపెద్ద గంటసేపు మాట్లాడాడు. ఎన్ని కుటుంబాలు బాప్తిస్మం తీసుకున్నాయో చెప్పాడు. బడి ఊసే లేదు. నేనైనా లేచి చెప్పలేదు. ఆ కోపం నా మీదే.

అందరూ కదిలాక, నాతో వచ్చిన కమిలి, చదవడం మానేసి ఏళ్లయిందేమో, గేటు దగ్గర కట్టిన ఫ్లెక్సీని కూడబలుక్కుంటూ చదివింది. 'పాస్టరుగారి ధర్మపత్ని, ప్రార్థనాపరురాలు.'

"సదువు చెప్పిందని యాడ రాయలేదేందే?" అంది.

 ఆటోవాడు హారన్ కొడుతున్నా ఆమె కదల్లేదు. ఎక్కడో తనే చూసుకోలేదేమోనని, మొదటి అక్షరం మీద వేలుపెట్టి మళ్లీ చదవడం మొదలుపెట్టింది.