మామ మెరుగు పెట్టిన పూల్ కర్ర

ఇరవై దాటీ దాటని ఆ రోజుల్లో మనిషికి ఒక రోగం ఉంటుంది. తన చేతకానితనమంతా చేతిలోని పనిముట్టు మీదికి తోసేయడం. నాకు ఆ రోగం ముదిరింది ప్రొద్దుటూరు బస్టాండు వెనక, మేడమీదున్న పూల్ పార్లర్లో. పగలంతా మా మేనమామ బంగారు అంగట్లో కుంపటి ముందు గొలుసులు అతకడం, సాయంత్రం కాగానే మెట్లెక్కి, కర్రతో బంతులు కొట్టే ఆ పచ్చబల్ల ముందు నిలబడటం. జమ్మలమడుగు పోటీలో గెలిచినవాడిని విజయవాడ పెద్ద పోటీలకు పంపుతారనీ, అక్కడ రాణిస్తే ఒక క్లబ్బులో ఆట నేర్పే ఉద్యోగం దొరుకుతుందనీ పార్లరు ఓనరు చెప్పాడు. ఇక నాకు నిద్ర పడితే ఒట్టు. గెలిస్తే కుంపటి నుంచి విముక్తి, ఓడితే జీవితాంతం ముక్కుపుడకలు.

నా కర్ర కొనకుండే తోలు టిప్పు పదమూడు మిల్లీమీటర్ల వెడల్పు. అంత లావు టిప్పుతో కొడితే బంతి తిన్నగా పోతుంది గానీ, తెల్లబంతిని గిర్రున తిప్పి వెనక్కి రప్పించడం నా వల్ల కాలేదు. టిప్పు సన్నగా ఉంటే బంతి బాగా తిరుగుతుందని ఫోన్లో ఒక వీడియోలో ఎవరో చెప్పగా విన్నాను. (చెయ్యి వెంట్రుకవాసి పక్కకు పోయినా సన్న టిప్పు ఊరుకోదని కూడా ఆయన చెప్పాడు. ఆ ముక్క దగ్గర నేను వీడియో ఆపేశాను.) కర్ర తెచ్చి మామ ముందు పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, సన్న ఆకురాయితో కొననూ టిప్పునూ కలిపి రాసి పది మిల్లీమీటర్లకు దించాడు. మొదట్లో అన్నీ తప్పులే. చెయ్యి కుదిరాక మాత్రం, నిజం చెప్పొద్దూ, తెల్లబంతి నేను రమ్మన్నచోటికి వచ్చింది. పార్లర్లో జనం నా ఆట చూడటానికి కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.

పోటీ రోజు పొద్దున బయల్దేరబోతుంటే మామ కర్ర అడిగి తీసుకున్నాడు. తిరిగిచ్చేసరికి టిప్పులో నా మొహం కనిపించినంత పనైంది. గొలుసులకు పెట్టినట్టే తోలుకూ మెరుగు పెట్టేశాడు. నేను నోరు తెరిచేలోపే, "మెరుగు పెట్టకుండా మనంగట్లో నుంచి ఒక్క వస్తువూ బయటికి పోలేదు అల్లుడా. నలుగురు సూసేచోటికి అట్ల మొద్దుగా ఎట్ల తీస్కపోతావు?" అన్నాడు. అని ఊరుకోలేదు. ఎన్నడూ లేనిది అంగడికి తాళం వేసి, అత్తను వెంటబెట్టుకుని నాతోపాటు జమ్మలమడుగు బస్సెక్కాడు.

నా ఎదుటివాడు పులివెందుల కుర్రాడు. వాడి చేతిలో రోకలిబండ లాంటి లావు కర్ర. బంతి మీద జారకుండా నేను నా టిప్పుకు నీలం సుద్ద రుద్దాను. అద్దం మీద రుద్దినట్టే, ఒక్క పిసరు నిలవలేదు. మొదటి దెబ్బకే టిప్పు జారి తెల్లబంతి పక్కకు పోయింది. విరుగుడు నాకు తెలుసు. వెనకే గరుకు గోడ ఉంది, దానికేసి కాస్త రాస్తే మెరుపు పోయి సుద్ద పట్టుకుంటుంది. గోడవైపు తిరిగాను కూడా. అప్పుడే మామ మాట వినిపించింది. పక్క కుర్చీలోని ఆయనతో, "ఆ కొన సూడప్పా, ఎట్ల మెరుస్తాందో. నా చేత్తో చేసినా," అంటున్నాడు. నేను అలాగే వెనక్కొచ్చి బల్ల ముందు నిలబడ్డాను. ఆ తర్వాత నేను ఆడినదాన్ని ఆట అని చెప్పుకోలేను. పులివెందుల కుర్రాడే జాలిపడి, మధ్యలో ఒకసారి తన కర్ర ఇవ్వబోయాడు. (తీసుకోలేదు. మామ చూస్తున్నాడుగా.)

ఆ కుర్రాడు విజయవాడ వెళ్ళాడు. నేను మళ్ళీ కుంపటి ముందుకు వెళ్ళాను. ఎందుకు ఓడానో మామకు ఏనాడూ చెప్పలేదు. ఆయన మనసు నొప్పించకూడదని నా భవిష్యత్తునే వదులుకున్నానని చాలా ఏళ్ళు నన్ను నేనే లోలోపల మెచ్చుకున్నాను. ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన నవ్వేసి, తనే లేచి వచ్చి గోడకు రాసిచ్చేవాడని ఇప్పుడు అనిపిస్తుంది.

మామ పోయాక ఒకరోజు ఉండబట్టలేక అత్తకు అసలు సంగతి చెప్పేశాను. ఆమె చాలాసేపు నవ్వి, కళ్ళు తుడుచుకుంది.

"ఆ పొద్దు తిరిగొచ్చేటప్పుడు బస్సులో మీ మామ నా చెవిలో ఏమన్నాడో తెలుసునా? పుల్ల శానా బాగా చేసిస్తిమి, పిల్లోనికే ఆట రాదు పాపం, వానికి మనంగడే ఇచ్చేద్దాంలే అన్నాడు."

ఇప్పుడు ఆ అంగట్లో ఆయన కూర్చున్నచోటే కూర్చుంటున్నాను. కర్ర పక్కన గోడకు ఆనించి ఉంది, కొన ఇంకా మెరుస్తూనే ఉంది. ఆకురాయి చేతికందేంత దూరంలోనే ఉంటుంది. ముక్కుపుడకల కోసం వచ్చినవాళ్ళు ఆ కర్రేమిటని అడిగితే, మా మామ చేసింది, చాలా బాగా చేశాడు, నాకే ఆట రాదు అని చెబుతున్నాను.