మాడుగుల తక్కెడలో తొమ్మిదో నంబరు క్యాసెట్టు

2023 వానాకాలం. చోడవరం బస్టాండు వెనక సందులో నా రేడియో, టీవీ రిపేరు కొట్టు. టీవీ పాడైతే బాగు చేయించుకునే రోజులు అప్పటికే పోయాయి, కొత్తది కొనేస్తున్నారు. నేను మాత్రం పాత వీడియో గేమ్ క్యాసెట్ల వేటలో పడి, ఈ వయసులో కాలు ఒకచోట నిలవకుండా తిరుగుతున్నాను. ఈ పనిలో శ్రీకాకుళం నుంచి తుని దాకా నన్ను మించినవాడు లేడు. నిజం చెప్పాలంటే, ఈ పని చేసేవాడు ఇంకొకడు లేడు.

తెలియనివారికి రెండు ముక్కలు. టీవీకి తగిలించే గేమ్ పెట్టెలో గుచ్చే అరచేతంత ప్లాస్టిక్ డబ్బాను కార్ట్రిడ్జ్ అంటారు. మేం క్యాసెట్టు అనేవాళ్లం. లోపల చిన్న బోర్డు, దాని మీద ఆట నింపిన చిప్ ఉంటాయి. అసలైన జపాన్ సరుకు విప్పితే చిప్‌కి కాళ్లుంటాయి, ఒక్కో కాలికీ టంకం ఉంటుంది. డూప్లికేటు విప్పితే బోర్డు మధ్యలో తారు కారినట్టు నల్లటి బొట్టు, అంతే. దాన్ని బ్లాబ్ అంటాం. తొంభైల్లో మన ఊళ్లలో ఆడినవన్నీ దాదాపు బ్లాబులే. అసలువి విశాఖ పోర్టులో దిగిన ఓడల వాళ్ల సంచుల్లో ఒకటీ అరా వచ్చేవి. ఇప్పుడు వాటికోసం జనం ఎగబడుతున్నారు. నేను వెతికిపెట్టిన ఒకటి కారు ధర పలికింది. కారంటే పాత కారు. సరే, స్కూటరు. అదీ పాతదే.

ఒక శనివారం పొద్దున్నే గొడుగు దులుపుకుంటూ ఒకామె కొట్లోకి వచ్చింది.

"బాబాయ్, గుర్తున్నానేటి?"

గుర్తుపట్టాను. గ్రేసు. విశాఖలో బ్యాంకు ఉద్యోగం. తొంభైల్లో ఈ కొట్టు వెనక గదిలో గంటల లెక్కన ఆటలాడించేటప్పుడు, మగపిల్లలందరి మధ్య మోచేతులతో చోటు చేసుకుని కూర్చునే ఒకే ఒక్క ఆడపిల్ల. ఆదివారం చర్చి అవగానే తెల్ల గౌనులోనే వచ్చేసేది.

"ముసలాడి ఆట కావాలి బాబాయ్. మన తొమ్మిదో నంబరు."

గొడుగు పట్టుకున్న ముసలాడు ఒక్కో కొండా ఎక్కుకుంటూ పోయే ఆట అది. నా దగ్గరున్న కొద్దిపాటి ఒరిజినల్స్‌లో ఒకటి. గ్రేసు చిట్టచివరి కొండ సగం ఎక్కేసరికి ఆ రోజు కరెంటు పోయింది. మర్నాడు వచ్చేసరికి క్యాసెట్టు ఎవరో అద్దెకు పట్టుకెళ్లారు. మళ్లీ తిరిగి రాలేదు.

"డూప్లికేట్లున్నాయి కదమ్మా?"

"రెండు కొన్నాను. ఒరిజినలే అని సెప్పి ఆన్‌లైన్లో అంటగట్టేరు. రెండూ ఆఖరి కొండ దగ్గరకొచ్చి మళ్లీ మొదటికే పోతన్నాయి."

పోతాయి మరి. చవక చిప్‌లో పట్టడం కోసం డూప్లికేటు వాళ్లు ఆట తోక కోసేసేవారు.

"పోనీ చివరేముందో ఫోన్లో చూసుకోకూడదూ? ఎవరో ఒకరు ఆడి పెట్టే ఉంటారు."

"ఎవడో ఎక్కిన కొండ నేను సూడ్డమేటి బాబాయ్? అక్కడ్నించి దిగలేక ఇన్నేళ్లయ్యింది నాకు."

తర్వాత ఆమె చెప్పిన మాటతో నేను కుర్చీలోంచి లేచిపోయాను. హైదరాబాదు డీలరు ఒకాయన కారేసుకుని మన వైపు ఊళ్లన్నీ గాలిస్తున్నాడట. క్యాసెట్లు పోగుచేసేవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆ రోజు పొద్దున్నే రాశాడట. దొరికినవన్నీ బయటి దేశాలకు పోతాయి, మళ్లీ కంటికి కనబడవు.

నేను స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుంటుంటే గ్రేసు బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టిన ఇత్తడి గుండు చేతిలోకి తీసుకుంది.

"ఇదేటి బాబాయ్, ఇంత బరువుంది?"

"జమీందారుల ఖజానాలో బంగారం తూచిన గుండమ్మా అది. మా తాతకు బహుమానంగా ఇచ్చారు."

మా తాత జీవితంలో జమీందారును చూడలేదు. అప్పట్లో క్యాసెట్టు ఇంటికి పట్టుకెళ్లాలంటే ఏదో ఒక వస్తువు కుదువ పెట్టాలని నా కొట్లో రూలు. టార్చిలైటు, వాచీ, సైకిలు బెల్లు, ఏదైనా సరే. ఎవరిదో ఆ గుండు అలా ఉండిపోయింది. ఎవరిదో మరిచిపోయాను. వస్తువు చేతిలో ఉండగా పేరు గుర్తుపెట్టుకోవడం ఎందుకన్నది నా ధీమా.

ముందు రోలుగుంట వెళ్లాం. ఒకరి అటక మీద గోనెసంచి నిండా క్యాసెట్లు. "చేత్తో పట్టుకుంటే చాలు, ఒరిజినల్ ఏదో చెప్పేస్తాను" అని గ్రేసు ముందు బడాయి పోయాను. బరువుగా ఉన్నవి ఏరి విప్పాను. అన్నీ బ్లాబులే. రెండింటిలో బరువు కోసం ఇనుప రేకు ముక్క పెట్టారు. గ్రేసు ఒకసారి నా చేతివంక చూసింది. నేను చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

మధ్యాహ్నానికి మాడుగుల చేరేసరికి వాన జోరందుకుంది, కరెంటు పోయింది. హల్వా కొట్ల వరసలో ఒక తెల్ల కారు ఆగి ఉంది. అందులోంచి దిగినాయన కొట్టుకొట్టుకీ వెళ్లి ఫోన్లో క్యాసెట్ బొమ్మ చూపిస్తున్నాడు. గ్రేసు నా మోచెయ్యి పట్టుకుని పక్కనున్న కొట్లోకి లాగింది.

కొట్టు అప్పయ్యమ్మ గారిది. డెబ్భై దాటిన మనిషి. కొడుకు రమణ గల్లాపెట్టె దగ్గరున్నాడు. ఎలక్ట్రానిక్ కాటా కరెంటు లేక మూగగా ఉంటే, ఆవిడ పాత తక్కెడ దించి హల్వా తూస్తోంది. ఒక పళ్లెంలో హల్వా గిన్నె. రెండో పళ్లెంలో తూకపు రాళ్లతో పాటు, ఖాళీ గిన్నె బరువుకు సరితూగడానికి ఏదో నల్లటి డబ్బా, దాని చుట్టూ రాగితీగతో కట్టిన ఇనుప నట్లు.

డబ్బా మూల మీద ఎర్రగా గోళ్లరంగు. ఆ రంగు మా ఆవిడది. ఆవిడ సీసా దొంగిలించి నా క్యాసెట్లన్నిటికీ నంబర్లు వేసుకునేవాణ్ణి. దగ్గరకు వంగి చూశాను. తొమ్మిది.

 పెద్దరికంగా అన్నాను. "ఎందుకమ్మా ఆ పనికిమాలిన ప్లాస్టిక్కు తక్కెడలో? ఇలా ఇచ్చెయ్, పారేస్తాను."

ఆవిడ హల్వా కత్తి ఆపింది. "పారేసేదానికి అంత వంగి సూడ్డమెందుకు బాబూ?"

వెనక నుంచి గ్రేసు "నిజం సెప్పెయ్ బాబాయ్" అంది.

చెప్పేశాను. ఇది నా కొట్టులోది, చాలా ఖరీదైనది, ఈ అమ్మాయి ఏళ్లుగా దీనికోసమే తిరుగుతోంది, బయట ఉన్నాయన కూడా దీనికోసమే వచ్చాడు, అని. "ఖరీదంటే ఎంతేటి?" అని రమణ తల ఎత్తాడు. ఆవిడ వాడివైపు చూడలేదు.

"అలాగైతే మా గుండేదీ? మా గిన్నెకి సరిపడా మా అత్తగారు పోత పోయించిన ఇత్తడి గుండు. తూనికల ఆఫీసులో ముద్రేయించడానికి పంపేనన్నాడు వీడు. అది వచ్చేదాకా ఇది పెట్టుకోమన్నాడు. అప్పట్నించీ అడుగుతన్నాను, ఇదిగో వస్తాది, అదిగో వస్తాది అంటన్నాడు."

రమణ గల్లాపెట్టె కింద ఏదో వెతకడం మొదలుపెట్టాడు. గ్రేసు నావైపు తిరిగింది.

"బాబాయ్, జమీందారు ఖజానా..."

"నా బల్ల మీదే ఉందమ్మా" అన్నాను అప్పయ్యమ్మ గారితో. "మీవాడు కుదువ పెట్టాడు."

"ఒరే రవణా! తక్కెడలో గుండట్టుకెళ్లి ఆటలాడుకున్నావురా?" అట్లకాడ లేచింది. నలభై దాటిన రమణ మోచెయ్యి అడ్డం పెట్టుకుని, "పరీక్షలయ్యేక తిరిగిచ్చేద్దామనుకున్నానే అమ్మా! ఈలోగా నువ్వు దీంతోటే తూసేస్తన్నావు, ఎలా తీసేది?" అన్నాడు. నట్లు ఒక్కొక్కటే కట్టి ఖాళీ గిన్నెకు సరిగ్గా తూచి మరీ పెట్టాడట దొంగ వెధవ.

ఆవిడ తీర్పు ఇచ్చింది. "మా గుండు తెచ్చి పెట్టి, మీది మీరు అట్టుకెల్లండి. అందాకా తక్కెడ ఖాళీ సెయ్యను. తూకం తప్పిందంటే ఈ కొట్టుకి ఎవుడొస్తాడు?"

గ్రేసును అక్కడ కాపలా పెట్టి ఆటో ఎక్కాను. చోడవరం దాకా ఆ ఆటో గుర్రంలా పరిగెత్తిందని రాద్దామనుకున్నాను గానీ, ఎరువుల బస్తాల ట్రాక్టరు వెనక నత్తలా వెళ్లింది. నేను మాత్రం సీటు అంచు మీదే కూర్చున్నాను. గుండు తీసుకుని తిరిగొచ్చేసరికి తెల్ల కారు సరిగ్గా ఆ కొట్టు ముందే ఉంది. 

డీలరుగారు తక్కెడకు మూరెడు దూరంలో నిలబడి హల్వా తింటున్నాడు. పళ్లెంలో నూనె గుడ్డ కప్పి ఉంది. ఆ గుడ్డ గ్రేసు పని.

"పాత క్యాసెట్లు ఈ ఊళ్లో ఎవరి దగ్గరా లేవాండీ?" అని అప్పయ్యమ్మ గారిని అడుగుతున్నాడు.

"మాది హల్వా కొట్టు బాబూ" అంది ఆవిడ.

ఆయన డబ్బులిచ్చి కారెక్కాడు. కారు మలుపు తిరిగేదాకా మేమెవ్వరం ఆ గుడ్డ వంక చూడలేదు. అప్పుడు గుండు తీసి ఇచ్చాను. ఆవిడ ఖాళీ గిన్నె ఒకవైపు, గుండు ఒకవైపు పెట్టి తక్కెడ ఎత్తింది. గుండు వైపు కిందికి వాలింది.

"ఇది మాది కాదు" అంది.

"మీదేనమ్మా!"

"మాదైతే ఇంత బరువెందుకుంటాది? మీ దగ్గరుండి బలిసిందేటి?"

గుండు తిప్పి చూసుకున్నాను. ఇన్నేళ్లూ దాని పక్కనే సోల్డరింగ్ చేశాను. చుక్క చుక్కగా చిందిన టంకం అడుగున, పక్కలా పొక్కుల్లా పేరుకుపోయింది. గ్రేసు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది. అరుగు మీద కూర్చుని చాకుతో గీకాను. గీకడం, తూచడం, మళ్లీ గీకడం. ఆఖరి పొక్కు ఊడాక తక్కెడ ముల్లు మధ్యలో నిలబడింది. అప్పయ్యమ్మ గారు గుండును చీరచెంగుతో తుడిచి కళ్లకద్దుకుంది. క్యాసెట్టు గ్రేసు చేతిలో పెట్టింది.

వాన వెలిశాక అక్కడే విప్పాను. కాళ్లున్న చిప్! ఉప్పుగాలికి మా ప్రాంతం క్యాసెట్ల పిన్నులన్నీ చిలుము పడతాయి. దీనికి లేదు. ఏళ్ల తరబడి నెయ్యి పట్టి నిగనిగలాడుతోంది. స్పిరిట్ దూదితో నెమ్మదిగా తుడిచి ఇచ్చాను. గ్రేసు నాకు ఎంత ఇచ్చిందని అడగకండి. చెబితే పెంచి చెబుతాను.

కొన్నాళ్లకు ఫోన్ చేసింది.

"బాబాయ్, ఎక్కేసేను."

"ఏముందమ్మా చివర?"

"ముసలాడు గొడుగు ముడిసేడు. కింద జపాను భాషలో రెండు లైన్లొచ్చేయి. తరవాత మళ్లీ మొదటి కొండ."

"అంతేనా?"

"అంతే. మళ్లీ ఎక్కుతన్నాను. పెట్టె వేడెక్కితే సాలు, ఇల్లంతా హల్వా వాసన. మా ఆయనకి ఆకలేస్తంది."

ఇప్పుడు నా బల్ల మీద కాగితాలు ఎగిరిపోతుంటాయి. గుండు లేదు. ఎవరైనా క్యాసెట్టు తెచ్చి ఎంత చేస్తుందని అడిగితే, ఒక అంకె నోటి చివరిదాకా వస్తుంది. అప్పుడు మనసులో చాకు తీసి కొంచెం గీకుతాను. ఇంకొంచెం గీకుతాను. ముల్లు మధ్యకు వచ్చిందనిపించాకే పైకి చెబుతాను. ఇదివరకంత తొందరగా బేరాలు తెగడం లేదు గానీ, చెప్పిన ధరకు ఎవరూ నవ్వడం లేదు.

ఒకరిద్దరు నవ్వారు. సరే, ముగ్గురు.