ఆఖరి కాగితం మీది నల్లబొట్టు

మొన్న ఉదయం మా మనవరాలి మీద, పెళ్లయి మూడేళ్లు నిండబోతున్న పిల్ల మీద, ఇరుగుపొరుగు వినేలా కేకలేశాను. పెళ్లిరోజు పేరిట భార్యాభర్తలిద్దరూ గోపాల్‌పూర్ సముద్రపుటొడ్డున రెండు రోజులు గడిపి రావాలని బయలుదేరుతూ, వెంట తీసుకెళ్లడానికి ఒక పుస్తకం కావాలని నా బీరువా తెరిచి, వాళ్ల నాయనమ్మకు ప్రాణమైన నవలను బయటికి తీసింది. అంతవరకు నాకు సంతోషమే. కాని ఆఖరి కాగితం నిండా ఎర్రెర్రని మరకలున్నాయని, ఆ ఒక్క కాగితాన్నీ బ్లేడుతో కోసేస్తే పుస్తకం చూడముచ్చటగా ఉంటుందని, స్కేలు కూడా ఆనించింది. నేను కేక వేసేసరికి బెదిరిపోయి, “ఏటైంది తాతా, ఒట్టి మరకలే కదా!” అంది.

ఆ మాట ఒకప్పుడు నేనూ అన్నాను. అనడమే కాదు, కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టాను. నా ఈడువారికి ఆ రోజులు జ్ఞాపకముంటాయి కనుక, ఆ సంగతి వారి ముందు పెట్టుకుంటే మనసు కొంత తేలికపడుతుందని ఇది రాస్తున్నాను. నా డైరీలు మొదటి ఉద్యోగం నాటినుంచి వరుస తప్పకుండా ఉన్నాయి. వాటిని చూసే రాస్తున్నాను.

అవి కొత్త ఒరిస్సా రాష్ట్రం ఏర్పడిన తొలి సంవత్సరాలు. అంతవరకు మద్రాసు వైపు చూస్తూ బతికిన మా బరంపురం, ఇళ్లూ వీధులూ ఉన్నచోటనే ఉండగా, మరొక రాష్ట్రంలోకి వచ్చింది. పక్కింటి ఒడియా కుటుంబంతో మా రాకపోకలు ఎప్పటిలాగే ఉన్నాయి గాని, తెలుగు అనే మాట ఎక్కడ వినిపించినా, అది ఇంకెన్నాళ్లు వినిపిస్తుందో అన్న గుబులు మాలో చాలామందికి పట్టుకుంది. నేను కచేరీలో రికార్డు గుమాస్తాను. సాయంకాలాలు మాత్రం మా తెలుగు పఠనమందిరానికి జీతం లేని కార్యదర్శిని. మందిరమంటే, టోకు వ్యాపారం చేసే ఒక షావుకారుగారి మేడలో, ఆయన తండ్రిగారు ధర్మంగా విడిచిపెట్టిన ఒక గది, మూడు బీరువాలు, ఒక బల్ల, నేను గీతలు గీసి తయారుచేసిన రిజిస్టరు.

ఊళ్లో గదులకు గిరాకీ పెరిగింది. షావుకారుగారు ఒకనాడు నన్ను పిలిపించి, సోమవారం పదిగంటలకు తాను స్వయంగా వచ్చి రిజిస్టరు చూస్తానని, చదివేవాళ్లు నిజంగా ఉన్నారని తేలితే సరే, లేకుంటే ఆ వారంలోనే గది ఖాళీ చేయాలని ఖండితంగా చెప్పారు. తండ్రి ఇచ్చిన మాటను కొడుకు పరీక్షకు పెట్టడమేమిటని నాకు ఒళ్లు మండింది. కాని రిజిస్టరు తెరిచి చూసుకుంటే నా కోపం నాకే చల్లారింది. ఇరవైతొమ్మిది పేర్లు. వాటిలో ఆరుగురు బదిలీ మీద వెళ్లిపోయారు, ఇద్దరు కాలం చేశారు. మిగిలినవారిలో అందరికంటె ఎక్కువ పుస్తకాలు పట్టుకెళ్లిన పాఠకుడెవరయ్యా అంటే, కార్యదర్శినైన నేనే. మా ఆవిడ కోసం తెచ్చిన పుస్తకాలన్నీ నా పేరనే రాసుకునేవాణ్ని. ఆడవారు మందిరానికి రారు, రానివారి పేరు రాయడానికి నా నిబంధనలు ఒప్పుకోవు.

సరే, ఉన్న పుస్తకాలనైనా మర్యాదగా చూపించాలనుకున్నాను. తొమ్మిది నవలల ఆఖరి కాగితాల మీద ఎవరో ఎర్రమరకలు చేసి ఉన్నారు. వాటిమీద నాకు చాలాకాలంగా ఆగ్రహం. గోడకు హెచ్చరిక కూడా అంటించి ఉన్నాను. ఆ తొమ్మిదింటికీ చివరి కాగితం తీసివేసి కొత్త అట్ట వేయవలసినదని రాసి, సంతకం చేసి, ఊరంచున ఉన్న గోసాని నువాగాంలో పుస్తకాలు కుట్టే ముసలాయనకు పంపించాను. పంపినవి ఎనిమిదే. తొమ్మిదవది బీరువాలో లేదు. ‘కనబడుట లేదు’ అని ఆనాటి డైరీలో కిందగీతతో రాసుకున్నాను.

అంత ఆపదలో ఊరు విడిచి వెళ్లడమేమిటని మీరు అడగవచ్చు. ఆ ఆదివారానికి మా పెళ్లయి అయిదేళ్లు. హుమ్మలో ఉప్పుమళ్ల మీద ఉద్యోగం చేసే మా ఆవిడ అన్నయ్య దగ్గరికి రెండు రోజులు తీసుకువెళ్తానని ఆమెకు సంక్రాంతి వెళ్లగానే మాట ఇచ్చి ఉన్నాను. పెళ్లిరోజుకు ఊరెళ్లడమనేది మా ఇళ్లలో ఎవరూ ఎరగనిది. మా అమ్మ నోరు నొక్కుకుంది. నేనూ మానేద్దామనే చూశాను. కాని చిన్ననాడే పసుపుకుంకాలు పోయి మా వంటింట్లోనే ఏళ్లు గడిపిన మా మేనత్త, ఎన్నడూ ఏ సంగతిలోనూ కలగజేసుకోనిది, పొయ్యి దగ్గరినుంచి తల తిప్పకుండానే, “తీసుకెల్లు బాబూ. ఐదేళ్లలో అది నిన్నడిగింది ఇదొక్కటే కదా,” అంది.

శనివారం పాసింజరులో వెళ్లాం. హుమ్మలో దిగితే వైశాఖపు ఎండకు ఉప్పుకుప్పలు కళ్లు తెరవనివ్వవు. నేను మాత్రం ఆ చూడవలసినవేవీ చూడకుండా, పెట్టెలో తెచ్చుకున్న రిజిస్టరును అరుగుమీద పరుచుకుని, పేర్లను ఒకసారి వీధులవారీగా, ఒకసారి అక్షరక్రమంలో మళ్లీ మళ్లీ రాశాను. ఎలా రాసినా ఇరవైతొమ్మిదే. మా బావమరిది రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, “ఏటి బావా, పెల్లిరోజని సెప్పి వచ్చి రిజిస్టరుతో కాపరం సేస్తన్నావు? మా సెల్లి సంగతేటి?” అని నవ్వాడు. నేను నవ్వలేదు.

ఆదివారం పొద్దున్న, ఎండ ముదరకముందు, పెరటిగుమ్మంలో కూర్చుని మా ఆవిడ ఏదో చదువుకుంటున్నది. వెనకనుంచి వెళ్లి చూస్తే, నా డైరీలో ‘కనబడుట లేదు’ అని రాసిన తొమ్మిదవ పుస్తకం.

దొంగతనం నా ఇంట్లోనే జరిగిందని, అదీ నిబంధనలు రాసినవాడి పెట్టెలోనే ప్రయాణం చేసిందని తెలిసినప్పటి నా స్థితి ఏమని చెప్పను? ఆనాడు మా పెళ్లిరోజన్న మాట కూడా మరచి, అనరానివి నాలుగు అన్నాను. ఆమె పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. “దొంగని పట్టుకున్నట్టు సూడకండి. ఆ కాయితం కోయించేస్తారని దాసినాను. అవి మరకలు కావండీ. బొట్లు.”

నాకు అర్థం కాలేదు. అప్పుడామె నిదానంగా చెప్పింది. నా పేరుమీద తెచ్చుకున్న ప్రతి పుస్తకమూ మా ఇంట్లో ఆగేది కాదట. మా వీధిలో ఒక ఇంటినుంచి ఒక ఇంటికి, చీర మడతల్లో, పసుపు కొమ్ముల పళ్లెంకింద, ఊరవతలి లంజిపల్లి దాకా తిరిగి వచ్చేదట. నవలలంటే ఇళ్లలో మగవారు ఒప్పుకోరు కనుక ఎవరూ ఎవరి పేరూ బయట చెప్పకూడదని ఒట్టు. “ఇంటికొచ్చిన ఆడమనిసిని బొట్టెట్టకుండా పంపుతామేటి? పుస్తకమూ అంతే కదండీ. మా ఇంట్లో నాలుగు దినాలుండి ఎల్లిపోతాది. ఎల్లినప్పుడు బొట్టెట్టి పంపుతాం.”

ఆఖరి కాగితం తెరిచి లెక్కపెట్టాను. ముప్పైనాలుగు బొట్లు. నా రిజిస్టరులో ఆ పుస్తకానికి ఉన్న పాఠకులు ముగ్గురు.

ఆ నవల నాకు నచ్చదు. అందులో కథానాయిక ఇరవైయేళ్ల కాపురం విడిచిపెట్టి పెట్టె నెత్తిన పెట్టుకుని రేవుకు వస్తుంది. పడవవాడు చీటీలో రాసుకోవడానికి పేరేమిటని అడుగుతాడు. ఆమె పేరు చెబుతుంది, పడవ ఎక్కకుండానే తిరిగి ఇంటికి వెళ్లిపోతుంది. కారణం లేని కల్పన అని నేను ఎన్నోసార్లు మా ఆవిడతో వాదించి ఉన్నాను. ఆమె ఎప్పుడూ నవ్వి ఊరుకునేది. ఆనాడు మాత్రం, “కారనం ఉన్నాది. మీకది కనబడదు, అంతే,” అని, వేలితో కాగితం అంచున ఒక చుక్కను చూపించింది. అన్నీ ఎర్రబొట్లయితే అదొక్కటి నల్లన. ఎవరిదని అడిగాను.

“అత్తది. కుంకం ముట్టుకోడానికి లేదు కదా ఆవిడకి. దీపం మసి పెడతాది. తొమ్మిదింటికీ పెట్టినాది.”

మా మేనత్తకు చదువు వచ్చని, పుట్టినప్పటినుంచి ఆమె చేతి అన్నం తిన్న నాకు తెలియదు.

అంతలో నాకు గోసాని నువాగాం జ్ఞాపకం వచ్చింది. సోమవారం చూపించదగిన సాక్ష్యం ఎనిమిది పుస్తకాల చివర ఉంది. దాన్ని కోసివేయమని నేనే రాసి ఇచ్చాను. పెళ్లిరోజు భోజనం విస్తళ్లలో ఉండగానే మా బావమరిది చేత బండి కట్టించి, మధ్యాహ్నపు పాసింజరు అందుకున్నాం. ఆ బండి గంజాంలో ఎందుకో చాలాసేపు ఆగిపోయింది. నేను ప్రతి పదినిమిషాలకూ దిగి గార్డు ముఖం చూసి వచ్చాను. మా ఆవిడ కొంగుకింద పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

బరంపురంలో దిగి ఆమెను ఇంటికి పంపి, జట్కాలో తిన్నగా నువాగాం వెళ్లేసరికి, ముసలాయన ఇంటిముందు బరువుకింద ఎనిమిది పుస్తకాలు ముచ్చటగా ఆరుతున్నాయి. “ఆజ్ఞా, మీరే కదా రాసి ఇచ్చినారు, తీసేయమని. తీసేసినాను,” అన్నాడు ఆయన, అయ్యా అనడానికి ఆజ్ఞా అనే తన ఒడియా యాస తెలుగులో. ఆ కాగితాలేవని అడిగితే నొచ్చుకున్నాడు. “పారేస్తానా ఏటి బాబూ? మంచి కాయితం. అట్టలోపల మెత్తగా అతికించినాను. ఇంక ఊడదు, మీ పిల్లల కాలందాకా ఉంటాది.” ఆయన చెప్పిన పని చెప్పినట్టు చేశాడు. చెప్పినవాణ్ని నేను.

మిగిలింది మా ఆవిడ దొంగిలించిన పుస్తకం ఒక్కటే. ఆ సాయంత్రం ఆమె నాతో ఒక ఒప్పందం చేసుకుంది. బొట్లు చూపించవచ్చు, పేర్లు మాత్రం అడగకూడదు. ఒక్క పేరు బయటపడినా ఆ ఇంట్లో ఆ మనిషికి ఏమవుతుందో నాకు తెలియనిది కాదు.

సోమవారం పదిగంటలకు షావుకారుగారు వచ్చారు. రిజిస్టరు చూసి, చచ్చినవాళ్లను కూడా కలిపి చూపిస్తున్నానని హేళన చేశారు. నేను పుస్తకం తెరిచి బొట్ల సంగతి చెప్పాను. ఆయన పడీపడీ నవ్వారు. “ఏటయ్యా గుమాస్తా, కచేరీలో కూడా కుంకం బొట్లనే సంతకాలని రాస్తావేటి? నువ్వే ఏలు ముంచి ఎట్టేసుంటావు!”

నా వృత్తి ప్రకారం ఆయన అన్నది సబబే. పేరు లేని గుర్తు రికార్డు కాదు. తాళంచెవుల గుత్తి బల్లమీద పెట్టడానికి జేబులో చెయ్యి పెట్టాను.

అప్పుడు గుమ్మంలో అలికిడి అయింది. మా ఆవిడ, ఆమె ముందు తలమీద ముసుగు సర్దుకుంటూ మా మేనత్త. ఆ గడప ఆడమనిషి దాటడం అదే మొదలు. అత్త షావుకారుగారి ముఖం చూడకుండా, పుస్తకాన్నే చూస్తూ అంది. “ఆ నల్లది నేనెట్టినాను బాబూ. నీకు నమ్మకం లేకపోతే, మరి, అందులో మీయమ్మ ఎట్టిన బొట్టు కూడా ఉన్నాది. ఏది అన్నది మాత్రం సెప్పను. కావాలంటే ఇంటికెల్లి నువ్వే అడుగు.”

షావుకారుగారికి లోకంలో భయమున్నది తల్లి ఒక్కర్తె అంటేనేనని ఊరంతటికీ తెలుసు. ఆయన నవ్వు ఆగిపోయింది. అయినా వ్యాపారస్థుడు కనుక తేలికగా లొంగలేదు. రిజిస్టరును అత్తవైపు తోసి, అయితే పేరు రాయమన్నారు.

అత్త కలం పట్టుకుంది. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. కలం సిరాలో ముంచింది, ఎత్తింది, ఆగింది. రాయడం రాక కాదని ఆ ముఖం చూస్తే తెలుస్తున్నది. మా నాన్నకు ఆమె చెల్లి, అమ్మకు ఆడపడుచు, మాకు అత్త. ఆ పేరు ఎవరి నోటనైనా పలికి ఎన్నేళ్లయిందో. చివరకు రాసింది, గుండ్రని అక్షరాలతో, గీత తప్పకుండా. ఆమె వెనుక మా ఆవిడ రాసింది. షావుకారుగారు రెండు సంతకాలనూ చూసి, గదిని మరి అడగనని గొణిగి వెళ్లిపోయారు. ఇరవైయేళ్లలో ఒక్కరూ అడగని పేరు పడవవాడు అడిగితే ఆ కథానాయిక ఎందుకు వెనుదిరిగిందో ఆ ఉదయం నాకు తెలిసింది. ఆ మాట మా ఆవిడకు ఒప్పుకోవడానికి మాత్రం నాకు మరి పదేళ్లు పట్టింది.

ఆ గది చాలాకాలం నిలిచింది. తరువాత దాన్ని మూసినది ఏ కొత్త రాష్ట్రమూ కాదు, ఏ షావుకారూ కాదు. తెలుగు చదవడం మానుకున్న మన పిల్లలు, మానిపించిన మనం. నేను పైఊరికి బదిలీ అయి ఉండగా, తరువాతి కార్యవర్గంవారు బీరువాలతో సహా రిజిస్టర్లను పాత కాగితాల కింద అమ్మేశారు. ఆ ఎనిమిది పుస్తకాలూ ఎక్కడున్నాయో, అట్టలలోపల ఆ బొట్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయో లేదో. తొమ్మిదవది మా ఆవిడ తిరిగి ఇవ్వలేదు కనుక మిగిలింది. ప్రతి పెళ్లిరోజుకూ దాన్ని ఒకసారి చదివేది. ఇప్పుడామె లేదు.

ఈ కాలపు పిల్లలు ఒకరినొకరు పేర్లుపెట్టి పిలుచుకుంటారు. మా మనవరాలు మొగుణ్ని వీధిలోంచి కేకవేస్తుంది. వినడానికి నాకు మొదట ఎబ్బెట్టుగా ఉండేది, ఇప్పుడు అలవాటయింది. మొన్న ఈ కథంతా విని, బ్లేడు పక్కన పెట్టి, ఆ నల్లబొట్టు మీద వేలుంచి, “మరి ఆవిడ పేరేటి తాతా?” అని అడిగింది.

డైరీ తీశాను. సోమవారం నాటి పేజీ నిండా ఉంది. షావుకారుగారు వచ్చిన వేళ, పోయిన వేళ, కొత్త సంతకాలు రెండు, గది నిలిచినది అని కిందగీతతో ఉంది. పేరు లేదు. రిజిస్టరులో ఉన్నదానిని మళ్లీ డైరీలో ఎక్కించే అలవాటు నాకు లేదు. ఆనాడు నాకు కావలసింది సంతకం, అది దొరికింది, తడి ఆరకముందే అద్దుడు కాగితం వేసి రిజిస్టరు మూశాను. అత్త పోయినప్పుడు అత్తవారివైపువారు వచ్చి కర్మ జరిపించారు, నేను పైఊళ్లో ఉన్నాను. గుండ్రని అక్షరాలు మాత్రం కళ్లకు కట్టినట్టున్నాయి. అవేమిటో చదవబోతే చెదిరిపోతున్నాయి.

మనవరాలు పుస్తకాన్ని పాతచీర ముక్కలో చుట్టి గోపాల్‌పూర్ తీసుకెళ్లింది. తెచ్చేటప్పుడు కుంకుమ బొట్టు ఒకటి పెట్టి తెమ్మన్నాను. పక్కనే పేరు కూడా రాయమన్నాను.