ఎందుకు కొట్టాడని అడగని మేడమ్

మాకు లా పాఠాలు చెప్పిన మేడమ్ ఇక లేరని మొన్న ఉదయం అక్క ఫోన్ చేసి చెప్పింది. చెప్పి, చాలాసేపు ఏడ్చింది. చుట్టరికం లేని మనిషి కోసం ఎనభై దాటిన మా అక్క అంతగా ఎందుకు ఏడ్చిందో మీకు చెప్పాలి.

అరవైల చివర్లో నేను యూనివర్సిటీలో లా చదువుతూ తార్నాకలో అక్కాబావల ఇంట్లో ఉండేదాన్ని. మాకు పాఠం చెప్పిన ఒకే ఒక్క ఆడ లెక్చరర్ ఆమె. నేత చీర, భుజాన గుడ్డసంచి, సాసర్‌లో పోసుకుని తాగే చాయ్. ఆలస్యంగా వచ్చినవాళ్లను "రా బిడ్డా, నీకోసమే చూస్తున్నం" అని పిలిచేవారు. ఆమె తిట్టి ఉన్నా మనసుకు అంత తగిలేది కాదు.

ఒకరోజు, మనిషిని కొట్టి గాయపరిస్తే పడే శిక్ష గురించి చెబుతున్నారు. నా నోట్లోంచి ఎలా వచ్చిందో గాని, "మొగుడు కొట్టినా ఇదేనా మేడమ్?" అని అడిగేశాను. క్లాసు గొల్లుమంది. ఆమె నవ్వలేదు.

"మొగుడు తప్ప అని గా పుస్తకంల ఏడనన్న రాసున్నదా? చదివి చెప్పు."

లేదన్నాను. క్లాసయ్యాక అక్క సంగతి చెప్పాను. ఆమె నాతోపాటు నడుస్తూ తార్నాక వచ్చారు.

అక్క చెంప వాచి ఉంది. "జారిపడ్డ మేడమ్" అంది. మేడమ్ బావ ఊసెత్తలేదు. "పొద్దుగాల ఏమన్న తిన్నవా?" అన్నారు. అంతే, అక్క ఆమె భుజం మీద వాలి ఏడ్చేసింది.

ఆ తర్వాత ఓసారి నాతో అన్నారు: "ఎందుకు కొట్టిండని అడిగితే, కొట్టనీకి కారణం ఉంటదని మనమే ఒప్పుకున్నట్టు."

అప్పుడు ఇలాంటి ఆడవాళ్ల కోసం ప్రత్యేక చట్టం లేదు. ఫోన్ చేస్తే వచ్చేవాళ్లూ లేరు. ఉన్న దారులనే ఆమె పట్టుకున్నారు. ముందు డాక్టరుకు గాయాలు చూపించి రాయించారు. తర్వాత ఠాణా.

"సంసారమన్నంక ఇసొంటివి ఉంటయి. ఇంట్లనే సర్దుకోండ్రి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"రాసుకునేదాంక కూసుంటం సాబ్" అని, సంచిలోంచి మా పరీక్ష పేపర్లు తీసి అక్కడే దిద్దడం మొదలుపెట్టారు. సాయంత్రానికి ఇన్‌స్పెక్టర్ ఫిర్యాదు రాసుకున్నాడు.

అక్కా నేనూ క్యాంపస్‌లో మేడమ్ క్వార్టర్‌కు మారాం. భర్త నుంచి వేరుగా బతకడానికి కోర్టుకెళితే, చెల్లెలి సాక్ష్యం ఒక్కటే చాలదన్నారు. బయట బావకు మంచివాడని పేరు. అన్నీ విన్నది పై వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ. కోస్తా నుంచి వచ్చి స్థిరపడినావిడ.

"మాకెందుకండీ ఈ గొడవలు? మావారు ఊరుకోరు" అని తలుపేసుకున్నారు.

అయినా మేడమ్ వెళుతూనే ఉన్నారు. కేసు మాటెత్తకుండా, పిల్లల చదువులు అడిగి వచ్చేసేవారు. ఒక్కసారి మాత్రం, "అమ్మా, ఆ అరుపులు మీకింకా ఇనవడుతున్నయా?" అన్నారు.

వాయిదా రోజు మేం వెళ్లేసరికి ఓనరమ్మ కోర్టు వరండాలో నిలబడి ఉన్నారు. "కంటిమీద కునుకు లేదండీ. విన్నది విన్నట్టు చెప్పేస్తాను" అన్నారు. చెప్పారు కూడా. అక్కకు వేరుగా ఉండే హక్కు, భరణం దక్కాయి.

చాలా ఏళ్లకు గృహహింస చట్టం వచ్చింది. అప్పటికి మేడమ్‌కు చూపు మందగించింది, నేనే చదివి వినిపించాను. భార్యను ఇంట్లోంచి వెళ్లగొట్టడానికి వీల్లేదన్న ముక్క మళ్లీ మళ్లీ చదివించుకున్నారు.

"గప్పుడు గిది ఉంటే మీ అక్క ఇల్లిడిచి వచ్చేది కాదు" అన్నారు. మళ్లీ తనే, "అయినా చట్టం నడిచిపోయి తలుపు కొట్టదు కద. ఎవరో ఒకరు పోవాలె."

ఆ రోజుల్లో, కోర్టు కేసు ముగిశాక అక్క సీతాఫల్‌మండిలో ఒక గది అద్దెకు తీసుకుంది. ఓ సాయంత్రం నేనూ మేడమూ చూడటానికి వెళ్లాం. తలుపు బార్లా తెరిచి ఉంది. అక్క గడపమీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ పాడుకుంటోంది. పెళ్లయ్యాక ఆమె గొంతులో పాట వినడం నాకదే మొదలు. పిలవబోతే మేడమ్ నా చెయ్యి పట్టుకున్నారు. స్టేషన్ వైపు నుంచి రైలు వచ్చింది, ఆ రొదకు అక్క పాట ఆపింది. రైలు వెళ్లిపోయింది. అక్క తలెత్తకుండానే, ఆపిన చోటి నుంచి మళ్లీ అందుకుంది.